కాగితం మీద హాజరు

"ఈ పొట్టి సంతకం ఎవురిదక్కా?"

రంగప్రియ ఇంకా చెప్పులైనా విడవలేదు. కోర్టు నుంచి వచ్చిన బ్యాగు భుజాన అలాగే ఉంది. నడవలో చాప మీద కూర్చున్న తోడికోడలు రూపశ్రీ ఒక జిరాక్సు కాగితాన్ని నేలమీద పరిచి, ఫ్యాను గాలికి లేవకుండా వేలితో అదిమి పట్టుకుంది. ఆ వేలు సరిగ్గా సంతకం పక్కనే ఉంది.

ఇంట్లో దీపం పెట్టలేదు. వంటింట్లో చప్పుడు లేదు. అత్తగారు గోదాదేవి గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నారు. నిద్ర మాత్రం కాదు, వేళ్లు కొంగు అంచును మెలిపెడుతూనే ఉన్నాయి. గుడి ఆఫీసు నుంచి అప్పుడే వచ్చిన చలపతి కుర్చీలో కూర్చుని భార్య రంగప్రియ వైపు కాకుండా కిటికీ వైపు చూస్తున్నాడు.

రంగప్రియ వంగింది. వంగకపోయినా ఆ కాగితం ఆమెకు తెలుసు. సింగరపాళ్యం సబ్‌జైలు నుంచి కోర్టుకు వచ్చిన రిమాండు వారెంటు అది. ఖైదీ పేరు మాధవ్. రిమాండు ఆగస్టు ఐదు వరకు పొడిగింపు. దాని మీద ఏటవాలుగా ఊదారంగు ముద్ర: 'వీడియో ద్వారా హాజరుపరచడమైనది'. ముద్ర కింద తేదీ, జూలై ఇరవై రెండు. ఆ తేదీ పక్కన రెండక్షరాల గీత.

"నాదే" అంది రంగప్రియ.

కాదంటుందనీ, అప్పుడు కేకలు వేయాలనీ రూపశ్రీ పొద్దుటి నుంచీ సిద్ధపడి ఉంది. ఆ ఒక్క మాటతో కేకల పని లేకుండా పోయింది. ఆమె తన కుడిచెయ్యి చాచి, మణికట్టును బయటివైపుకు వంచింది.

"ఈ పొద్దు ములాఖత్‌కి పోయినాను. ఆయన చెయ్యి ఇట్ల తిరిగిపోయి ఉండాది. కడ్డీల సందులో నుంచి చూపించమంటే చూపించలేదు. నేనే పట్టి లాగినాను. కెవ్వుమన్నాడు."

గోదాదేవి కళ్లు తెరిచారు.

"ఇరవై ఒకటో తేదీ విరిగినాదంట. గుడ్డ చుట్టుకుని మూడు దినాలు మూల్గుతా పడుండినాడంట. పోయిన వారం నేను పోతే 'ఒంట్లో బాగలేదు, రాలేడు' అని గేటులోనే తిప్పి పంపినారే, అది ఇందుకు. ఇరవై రెండో తేదీ ఆయన్ని గది నుంచి బయటికే తీయలేదక్కా! ఏ టీవీ ముందరా నిలబెట్టలేదు. మరి మీ కాగితంలో చూసినామని ఉండాదే, ఎవురు చూసినారు?"

"ఆ దినం లైను పనిచేయలేదు" అంది రంగప్రియ. "జైలుకూ కోర్టుకూ మధ్య వీడియో లింకు ముందు దినమే పోయింది. తోడు తీసుకొచ్చే పోలీసులు లేరు, అందరినీ తిరుపతి బందోబస్తుకు పంపినారు. మా మేజిస్ట్రేటు మేడమ్ సెలవులో ఉన్నారు. ఇన్‌చార్జి అయ్యగారు సాయంత్రం ఐదింటికి వచ్చి వారెంట్ల కట్టంతా సంతకం చేసి పోయినారు. ఆడ అందరికీ అట్లే ముద్ర వేస్తారు రూపా."

"అందరికీ అట్లే వేస్తే అందరికీ చేసిన అన్యాయమే గదా?"

మాధవ్ చలపతి తమ్ముడు, రూపశ్రీ భర్త. బంగారుపాళ్యం దారిలోని ఒక గుజ్జు ఫ్యాక్టరీలో కాటా గుమాస్తా. మామిడికాయల ట్రాక్టర్లు మూడు రోజులు ఎండలో వరసకట్టి, కాయ నీరుకారుతుంటే చూడలేక జూన్ ఇరవై నాలుగు మధ్యాహ్నం వెనక గేటు తాళం తీశాడు. తోపులాటలో కాపలావాడి తల పగిలింది. మాధవ్ ఇనుప రాడ్డుతో కొట్టాడని పోలీసులు రాశారు. హత్యాయత్నం కేసు. బెయిలు రెండుసార్లు కొట్టేశారు. జైల్లో పడి నేటికి ముప్పై ఏడు రోజులు.

కేసు తను క్లర్కుగా పనిచేసే కోర్టుకే వచ్చినప్పుడు రంగప్రియ మొదటిరోజే మేడమ్‌కు చెప్పింది, ఆయన నాకు మరిది అని. ఆ ఫైలు నువ్వు ముట్టుకోవద్దన్నారు మేడమ్. ముట్టుకోలేదు కూడా. కానీ జైలు నుంచి వారెంట్లు విడివిడిగా రావు, కట్టగా వస్తాయి. ముద్ర ఆమె టేబులు మీద ఉంటుంది.

"వేసేటప్పుడు పేరు చూసినావా అమ్మా?" గోదాదేవి మెల్లగా అడిగారు.

"పదకొండు కాగితాలు ఉన్నాయి అత్తమ్మా."

అది జవాబు కాదని ఆవిడకు తెలిసింది. మళ్లీ అడగలేదు. "ఆ దినమే తెలిసుంటే ఎముకకు పుత్తూరు కట్టు కట్టించి ఉందుము. ఇప్పుడు వంకరగానే అతుక్కోనుండాది" అని, ఎవరితోనూ కానట్టు అనుకున్నారు.

రూపశ్రీ కాగితం మడిచింది. "రేపు మన లాయరమ్మ రెబెకా వేసిన పిటిషను విచారణకు వస్తుంది. మనిషిని చూడకుండా పొడిగించిన రిమాండు చెల్లదని వేసినాది. మీ మేడమ్ ఆఫీసు రిపోర్టు అడిగినారంట. అది రాసేది ఎవురు?"

"మా హెడ్ క్లర్కు కుప్పయ్యగారు రాసినారు. సంతకం నన్ను పెట్టమన్నారు."

"ఏమని రాసినాడు?"

రంగప్రియ చెప్పులు విడిచి, గోడ వారగా జరిపింది. ఒకటి తిరగబడితే సరిచేసింది.

"అర్థమైందిలే" అంది రూపశ్రీ. "రేపు నువ్వు దానిమీద సంతకం పెట్టినావనుకో, ఈ ఇంట్లో నువ్వన్నా ఉండాల, నేనన్నా ఉండాల."

* * *

పెరట్లో బట్టలు తీస్తుంటే చలపతి వచ్చి తీగకు అవతల నిలబడ్డాడు. ఇద్దరి మధ్యా ఆరేసిన పంచె ఉంది.

"ఏమన్నా చెప్పండి" అంది రంగప్రియ. "ఆడ అందరూ మాట్లాడినారు, మీరు తప్ప."

"నాకు తెలుసు."

"ఏమి తెలుసు?"

"చెయ్యి సంగతి. పోయిన శనివారం జైలు వార్డరు శ్రీనివాసులు గుడికి వచ్చినాడు. ధ్వజస్తంభం కాడ పక్కకు పిలిచి చెప్పినాడు."

ఆమె పంచెను లాగేసింది. ఇప్పుడు అతని ముఖం కనిపించింది. "ఆరు దినాలుగా తెలిసి ఊరుకున్నారా? మీ తమ్ముడు గదా!"

"మాత్రలు నేనే పంపినాను, శ్రీనివాసులు చేతికిచ్చి. డాక్టరుకు చూపించమని బతిమాలినాను." చలపతి గొంతు తగ్గింది. "బయట పెడితే, ఆ తేదీన ఎవురు చూసినారని అడుగుతారు, ఆ ముద్ర మీ ఇంటావిడదే, ముందు ఆమెకే చుట్టుకుంటుంది అన్నాడు ఆ వార్డరు. నేనేం చెయ్యాల ప్రియా? ఒకపక్క తమ్ముడు, ఒకపక్క నువ్వు."

"నన్ను అడగాల."

"అడిగితే నువ్వు కోర్టులో చెప్పేస్తావు. అందుకే అడగలేదు."

పదేళ్ల కాపురంలో తన గురించి అతను అన్న మంచిమాట అదే కావచ్చు. కానీ దాన్ని విని ఆమెకు ఒళ్లు మండిపోయింది. తను భద్రంగా ఉండడం కోసం ఒక మనిషి చెయ్యి వంకరగా అతుక్కుంది. ఆ సంగతి తనకు చెప్పనైనా లేదు.

"మరి రేపు?" అంది.

చలపతి పంచె అందుకుని మడతపెట్టసాగాడు. అంచులు కలవలేదు. మళ్లీ విప్పి మళ్లీ మడిచాడు. దాన్ని అలాగే చంకన పెట్టుకుని లోపలికి వెళ్లిపోయాడు.

ఆ పూట ఇంట్లో గోదాదేవి ఒక్కరే వండారు. ఎవరి కంచం వాళ్లు పట్టుకుని తలో మూల తిన్నారు. రూపశ్రీ తినలేదు.

* * *

"కూర్చో తల్లీ" అన్నాడు కుప్పయ్య, మర్నాడు కోర్టు ఆఫీసులో.

హెడ్ క్లర్కు కుప్పయ్యకు ఇంక ఎనిమిది నెలల సర్వీసు ఉంది. చెడ్డమనిషి కాదు. రంగప్రియ ఉద్యోగంలో చేరిన కొత్తలో కేసు ఫైలు మీద డాకెట్ రాయడం నేర్పింది ఆయనే. టైపు చేసిన రిపోర్టును ఆమె వైపు తిప్పి, పెన్ను మూత తీసి పక్కన పెట్టాడు.

"రెండు వాక్యాలే. ఖైదీని వీడియోలో హాజరుపరిచినారు, అయ్యగారు పొడిగించినారు. జైలోళ్లు గూడా ఇదే రాసిచ్చినారు. రెండు కాగితాలూ ఒకటే మాట చెప్తే మూడో మాటకు చోటు లేదు."

"అది జరగలేదు గదండీ."

"జరగలేదు. లింకు బాగు చెయ్యమని నేను మూడు లెటర్లు రాసినాను, చూపించమంటావా? జవాబే లేదు. మనమేం దొంగతనం చేసినామా? లోపలుండే మనిషి లోపలే ఉంటాడని కాగితం కదిపినాము, అంతే." ఆయన ముందుకు వంగాడు. "ఇంకో మాట విను. ఒకడి రిమాండు చెల్లదంటే పదకొండు మందిదీ చెల్లదు. అందరూ మీ మరిది మాదిరోళ్లే అనుకుంటాండావా? ఇంతా చేసి మీవాడు బయటికొస్తాడా అంటే అదీ లేదు. మేడమ్ ఈ పొద్దు మనిషిని ఎదురుగా నిలబెట్టుకుని కొత్తగా రిమాండు రాసినారంటే పాత తప్పు కొట్టుకుపోతుంది. వాడు లోపలే ఉంటాడు, నువ్వు మాత్రం ఉద్యోగం నుంచి బయటుంటావు."

రంగప్రియ పెన్ను తీసుకోలేదు. "ఒక్క నిమిషం" అని వరండాలోకి వచ్చింది.

స్తంభం పక్కన రెబెకా లాయరు నల్లకోటు చేతిమీద వేసుకుని ఫైలు తిరగేస్తోంది. ఆమెది పలమనేరు. మాట కుండబద్దలు కొట్టినట్టు ఉంటుందని కోర్టంతా చెప్పుకుంటారు.

"మేడమ్ ఈ పొద్దు కొత్తగా రిమాండు రాస్తే పాతది సరైపోతుందా?" అని అడిగింది రంగప్రియ.

"సరైపోతుందని ప్రభుత్వ వకీలు వాదిస్తాడు. అట్ల చెప్పిన తీర్పులు కూడా ఉండాయి. కాదని నేను వాదిస్తాను. పోలీసు కస్టడీకైతే మనిషే రావాల. జైలు రిమాండు పొడిగించాలంటే మనిషన్నా రావాల, వీడియోలోనన్నా కనపడాల. ఉత్త కాగితం పోయి ఉత్త కాగితం రాకూడదు. అది మాత్రం చట్టం." రెబెకా ఫైలు మూసింది. "మీరు నిజం చెప్తే మాధవ్ ఈ పొద్దే ఇంటికొస్తాడని నేను చెప్పను రంగప్రియగారూ. అట్ల చెప్తే మిమ్మల్ని మోసం చేసినట్టు. కానీ మేజిస్ట్రేటు ఆ దినం చూసుంటే ఆ చెయ్యి కనపడి ఉండును. చూడమనేది అందుకే."

అప్పుడే జైలు వాహనం ఆగింది. ఇద్దరు పోలీసుల మధ్య మాధవ్ దిగాడు. గడ్డం పెరిగింది. దిగేటప్పుడు ఎడమచేత్తో తలుపు పట్టుకోబోయి, అలవాటు లేక తడబడ్డాడు. మెట్ల దగ్గర వదినను చూసి నవ్వాడు.

"అమ్మ ఎట్లుండాది వదినా?"

"బాగుంది" అంది రంగప్రియ.

"ఆమెకు చెయ్యి సంగతి చెప్పొద్దు" అన్నాడు మాధవ్. పోలీసు ముందుకు నడవమన్నాడు.

* * *

మేడమ్ రిపోర్టు చదివి కళ్లద్దాలు పైకి తోసుకున్నారు. "సంతకం లేదే?"

"పెడుతుంది మేడమ్" అన్నాడు కుప్పయ్య.

రంగప్రియ న్యాయపీఠం ముందు తన స్థానంలో లేచి నిలబడింది. రోజూ నిలబడే చోటే. కానీ ఈరోజు హాలంతా తన వీపు మీద ఉన్నట్టు అనిపించింది. వెనక వరసలో రూపశ్రీ ఉంది.

"రిపోర్టులో రాసింది నిజం కాదు మేడమ్. జూలై ఇరవై ఒకటి నుంచి లింకు పనిచేయలేదు. ఇరవై రెండున ఎవరినీ వీడియోలో చూపించలేదు. ముద్ర నేనే వేశాను."

ప్రభుత్వ వకీలు లేవబోయి, మేడమ్ చెయ్యి చూపితే ఆగాడు.

"ఆలోచించుకునే చెబుతున్నావా? నువ్వు చెప్పింది నేను రికార్డు చేయాలి. చేశాక నీ మీద పైకి రాయాలి."

"తెలుసు మేడమ్."

"ఇతను నీ బంధువని నాకు మొదట్లోనే చెప్పావు. ఆ కట్టలో ఇతని వారెంటు ఉందని గమనించావా?"

నిన్న అత్తగారు అడిగిన ప్రశ్న. హాల్లో ఫ్యాను కిర్రుమంటూ తిరుగుతోంది.

"గమనించాను. పేరు చూసే వేశాను. ఒక్కటే పక్కన పెడితే మరిది కాబట్టి పెట్టిందంటారని భయపడ్డాను. ఎలాగూ పొడిగిస్తారు కదా, ఏమవుతుందిలే అనుకున్నాను."

వెనక నుంచి చిన్న శబ్దం వచ్చింది, ఎవరో ఊపిరి గట్టిగా లోపలికి పీల్చుకున్నట్టు. రంగప్రియ తిరిగి చూడలేదు.

మేడమ్ చాలాసేపు రాసుకున్నారు. తర్వాత మాధవ్ వైపు తిరిగారు. "చెయ్యి పైకెత్తు."

ఎడమచెయ్యి ఎత్తాడు.

"అది కాదు."

కుడిచెయ్యి భుజం దాకా రాకుండానే ఆగిపోయింది. మణికట్టు దగ్గర ఎముక చర్మం కింద గుండ్రంగా పొడుచుకుని ఉంది. మేడమ్ కుర్చీలోంచి సగం లేచి చూశారు.

"ఎలా విరిగింది?"

మాధవ్ తలుపు దగ్గర నిలబడ్డ వార్డరు శ్రీనివాసులును చూశాడు. "బాత్రూములో జారి పడినాను" అన్నాడు, వల్లెవేసిన పాఠం అప్పజెప్పినట్టు.

"ఈరోజు సరిగ్గా హాజరుపరిచాం కాబట్టి పాత లోపం ఇప్పుడు లెక్కలోకి రాదు మేడమ్" అన్నాడు ప్రభుత్వ వకీలు.

"అది నాలుగింటికి చెబుతాను. ముందు ఇతన్ని ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఎక్స్‌రే తీసి డాక్టరు రిపోర్టు నేరుగా నాకే పంపాలి, జైలు ద్వారా కాదు. ఆ కట్టలోని మిగతా పదిమందినీ మూడింటికి నా ముందుకు తేవాలి. వీడియోలో కాదు. మనుషుల్ని."

* * *

వరండాలో రూపశ్రీ ఎదురొచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"పేరు చూసినావు" అంది.

"చూసినాను."

రూపశ్రీ ఇంకేదో అనబోయింది. పోలీసులు మాధవ్‌ను ఆసుపత్రికి నడిపించుకుపోతుంటే ఆ మాట అక్కడే వదిలేసి వాళ్ల వెనక పరుగెత్తింది. అది క్షమించడమో, క్షమించకపోవడమో రంగప్రియకు తెలియలేదు.

లోపల కుప్పయ్య ఆమె టేబులు సొరుగులోంచి ముద్రనూ, ప్యాడునూ తీసి తన బీరువాలో పెట్టి తాళం వేసుకున్నాడు. ఆయన తిడితే బాగుండునని రంగప్రియకు అనిపించింది.

మూడు కావస్తుండగా ఒకామె వచ్చి ఆమె ముందు నిలబడింది. నలభై ఏళ్లుంటాయి. చెవి కింద నుంచి మెడ మీదుగా జాకెట్టులోకి పోయిన పొడుగాటి మచ్చ ఇంకా గులాబీరంగులోనే ఉంది.

"అమ్మా, నా పేరు తిరుమలమ్మ. కేసు వాయిదాకు వచ్చినాను. పది మందిని తెస్తాండారంట గదా. అందులో మావోడు గూడా ఉండాడా?"

మెడ మీద మచ్చ చూడగానే ఆ వారెంటు రంగప్రియకు గుర్తొచ్చింది. భార్యను కొడవలితో నరికిన కేసు. "ఉన్నాడు" అంది.

"ఇడిసేస్తారా?"

"తెలీదమ్మా. నాలుగింటికి తెలుస్తుంది."

"వాడు బయటికొస్తే నేను యాడికి పోవాల?" తిరుమలమ్మ కేకలు వేయలేదు. బస్సు ఎన్నింటికని అడిగినట్టు అడిగింది. "నువ్వేనంట గదా, చెల్లదని చెప్పింది."

రంగప్రియ ఆమె చెయ్యి పట్టుకుని ఆఫీసు గదిలోకి తీసుకెళ్లి, తన కుర్చీలోనే కూర్చోబెట్టింది. "ఈడే ఉండు. కిటికీలోంచి వాడు నీకు కనపడతాడు, నువ్వు వాడికి కనపడవు. లాయరమ్మతో నేను మాట్లాడతాను."

వాహనం గేటులోకి తిరిగింది. వెనక తలుపు తీసి శ్రీనివాసులు ఒక్కొక్కరినే దింపుతూ లెక్కపెట్టాడు. లుంగీల్లో, మాసిన చొక్కాల్లో మనుషులు ఎండకు కళ్లు చికిలిస్తూ వరసగా నిలబడ్డారు. తొమ్మిదితో లెక్క ఆగింది. వాహనం ఖాళీ అయింది.

"సూడమ్మా" అంది తిరుమలమ్మ, కిటికీ ఊచలు పట్టుకుని. "మావోడు లేడే."

రంగప్రియ మెట్లు దిగింది. "పదో మనిషి ఏడీ?"

శ్రీనివాసులు చేతిలో కాగితాన్ని చూశాడు, తర్వాత నేలను చూశాడు. కుప్పయ్య వరండా అంచుకు వచ్చి నిలబడ్డాడు. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"మీ కాగితం ప్రకారం లోపలే ఉండాడమ్మా" అన్నాడు శ్రీనివాసులు చివరికి.

"నేను కాగితం అడగలేదు. మనిషిని ఎప్పుడు చూసినారు?"

అతను ఖాళీ వాహనం తలుపు మూసేశాడు.

ఆఫీసు గది తలుపు గోడకు కొట్టుకుంది. తిరుమలమ్మ బయటికి వచ్చింది. ఆ మాట విన్నదని ఆమెను చూస్తేనే తెలుస్తోంది.

"వాడు జైల్లో లేడు. పాప ఇంటికాడ ఒక్కతే ఉండాది" అంది.

అంతే, చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి బస్టాండు వైపు పరుగు తీసింది. రంగప్రియ ఒక్క క్షణం కోర్టు హాలు వైపు చూసి, ఆమె వెనకే పరుగెత్తింది.